సీ, లుక్, వాచ్: ఎక్కడ ఏది వాడాలి?

"చూడు" అనే ఒక్క మాటతో మనకు రోజంతా గడిచిపోతుంది. సిరిమాను సంబరం చూశాం, డాక్టరుకి చూపించుకున్నాం, ఉద్యోగం చూస్తున్నాం, పిల్లని చూసి వచ్చాం, పులుసు రుచి చూశాం, నాన్నగారు పొలం చూసుకుంటున్నారు. ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి ఈ ఒక్క మాటకు బదులు ఇరవై మాటలు ఎదురవుతాయి. చాలామంది మొదటి మూడింటి దగ్గరే ఆగిపోతారు. విజయనగరం, శ్రీకాకుళం వైపు తెలుగు మీడియంలో చదివి డిగ్రీకి, ఉద్యోగానికి వచ్చిన పిల్లలు నన్ను తరచూ అడుగుతారు: "మాస్టారూ, సీ అన్నా, లుక్ అన్నా, వాచ్ అన్నా చూడటమే కదా. ఏది ఎక్కడ వాడాలో ఎలా తెలుస్తుంది?"

అర్థాల జాబితా బట్టీ పడితే ఇది తెగదు. ఏ నిఘంటువు తిరగేసినా మూడింటికీ "చూచుట" అనే ఉంటుంది. నా సలహా వేరు. వాక్యం నోట్లోకి వచ్చే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆ రెండింటికీ జవాబు మీ తెలుగులోనే దొరుకుతుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటి ప్రశ్న: కళ్లు మనం తిప్పామా, లేక అదే కంట పడిందా? తెలుగులో దీనికి వేరే క్రియ ఉండనే ఉంది. కనబడటం, కనిపించడం, మన ఊళ్లలో అయితే అగుపడటం. "నాకు పాము కనబడింది" అంటే నేను వెతికానని కాదు. పాము దారిలో ఉంది, కంట పడింది, అంతే. "నేను పాము వైపు చూశాను" అంటే తల తిప్పింది నేనే. ఈ తేడా పసిపిల్లలకు కూడా నోటికి తెలుసు. ఇంగ్లిష్‌లో సీకీ లుక్‌కీ మధ్య ఉన్నది సరిగ్గా ఇదే తేడా.

రెండో ప్రశ్న: చూస్తున్నంతసేపూ అక్కడ ఏదైనా జరుగుతోందా? బొమ్మ కదలదు, బోర్డు కదలదు. ఆట కదులుతుంది, ఊరేగింపు కదులుతుంది, పొయ్యి మీద పాలు పొంగుతాయి. జరిగేదాన్ని కొంతసేపు కనిపెట్టుకుని ఉండటమే వాచ్.

ఇంకో రెండు విషయాలు ఉన్నాయి కానీ అవి తర్వాతి మెట్టు. చూపులో కోపముందా, ఆశ్చర్యముందా, ముచ్చటుందా అన్నది ఒకటి. మాట పక్కన "ఎట్" పెట్టాలా అక్కర్లేదా అన్నది రెండోది. మొదటి రెండూ కుదిరితే వీటిని నిదానంగా నేర్చుకోవచ్చు.

సీ, లుక్, వాచ్ మూడూ ఒకేచోట కలిసే సందర్భం అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడిలో దొరుకుతుంది. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులు, పొద్దున్నే సూర్యకిరణాలు గుడి లోపలికి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. అదీ కొద్ది నిమిషాలే. ఆ రోజుల్లో జనం తెల్లవారకముందే వచ్చి వరుసలో నిలబడతారు. మబ్బు పట్టిందనుకోండి. "వీ లుక్డ్, బట్ వీ సా నథింగ్." చూశాం, కానీ ఏమీ కనబడలేదు. లుక్ మన పని, సీ దాని ఫలితం. పని చేసినా ఫలితం రాకపోవచ్చు. మబ్బు లేకపోతే "వీ సా ది లైట్ ఆన్ ది ఐడల్స్ ఫీట్", పాదాల మీద వెలుగు కనబడింది. ఆ వెలుగు జరుగుతున్నంతసేపూ కదలకుండా నిలబడితే "వీ వాచ్డ్ ది లైట్ మూవ్." ఈ మూడు వాక్యాలనూ తెలుగులో ఆలోచించుకుని ఇంగ్లిష్‌లో పైకి అనండి. మొదటి మెట్టు ఎక్కేసినట్టే.

## సీ

సీ అంటే కనబడటం. ఇది మనం చేసే పని కాదు కాబట్టి దీనికి మామూలుగా "-ఇంగ్" రాదు. తెలుగులో "నాకు కొంగ కనబడుతోంది" అంటాం కాబట్టి "ఐ యామ్ సీయింగ్ ఎ బర్డ్" అనేస్తాం. ఇంగ్లిష్‌లో అక్కడ "ఐ కెన్ సీ ఎ బర్డ్" అనాలి. ఇప్పుడు కనబడుతున్నదానికల్లా "కెన్ సీ" అలవాటు చేసుకుంటే సగం తప్పులు పోతాయి.

"-ఇంగ్" వచ్చే చోట్లు ఉన్నాయి, కానీ అక్కడ అర్థం మారిపోతుంది. "ఐ యామ్ సీయింగ్ ది డాక్టర్ టుమారో" అంటే రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని. "హీ ఈజ్ సీయింగ్ సమ్‌వన్" అంటే అతను ఎవరితోనో ప్రేమలో ఉన్నాడని, కలిసి తిరుగుతున్నాడని. ఇది పెళ్లీడు పిల్లలున్న ఇళ్లలో గుర్తుంచుకోవాలి. అబ్బాయికి సంబంధాలు చూస్తున్నాం అని చెప్పడానికి పై ఆఫీసరుతో "వీ ఆర్ సీయింగ్ గర్ల్స్" అంటే అర్థం ఎటో పోతుంది. "వీ ఆర్ లుకింగ్ ఫర్ ఎ బ్రైడ్" అనాలి.

కలవడం, అర్థం చేసుకోవడం కూడా సీలోనే ఉన్నాయి. "ఐ సీ" అంటే అర్థమైందని. "వీ విల్ సీ" అయితే అచ్చం మన "చూద్దాం" లాంటిదే. ఔననీ కాదనీ తేల్చకుండా ఆపడం. ఆఫీసులో ఎవరైనా "ఐ విల్ సీ" అంటే పని మొదలైందనుకోవద్దు. "ఐ విల్ లుక్ ఇంటు ఇట్" అంటే విషయం ఏమిటో కనుక్కుంటానని మాట ఇచ్చినట్టు. మీరు మాట ఇవ్వదలచుకుంటే రెండోదే అనండి.

ఊరికి వెళ్లేవాళ్లని రైలెక్కించడానికి ఆముదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి వెళ్తాం కదా, దానికి "సీ ఆఫ్". "ఐ వెంట్ టు ది స్టేషన్ టు సీ మై బ్రదర్ ఆఫ్." పంపించి రావడం అన్నమాట.

సీతో ఇంకో సన్నని తేడా ఉంది. "ఐ సా హిమ్ క్రాస్ ది బ్రిడ్జ్" అంటే అతను నాగావళి వంతెన ఈ చివరి నుంచి ఆ చివరిదాకా దాటడం నేను చూశాను. "ఐ సా హిమ్ క్రాసింగ్ ది బ్రిడ్జ్" అంటే దాటుతుండగా చూశాను; దాటాడో లేదో నాకు తెలియకపోవచ్చు. మామూలు మాటల్లో ఇది పెద్ద విషయం కాదు. ప్రమాదం గురించి వాంగ్మూలం ఇచ్చేటప్పుడు మాత్రం చాలా పెద్ద విషయం.

## లుక్

లుక్ అంటే కళ్లు తిప్పి ఒకదాని వైపు పెట్టడం. ఎటు పెట్టామో చెప్పాలి కాబట్టి "ఎట్" తప్పనిసరి. "లుక్ ది బోర్డ్" తప్పు, "లుక్ ఎట్ ది బోర్డ్" ఒప్పు. తెలుగులో "బోర్డు చూడు" అంటే సరిపోతుంది, "బోర్డు వైపు" అనక్కర్లేదు. అందుకే మనవాళ్ల నోట ఈ "ఎట్" జారిపోతుంది. మూడు క్రియల్లో దేనిమీద ఎక్కువ సాధన చేయాలని అడిగితే నేను లుక్ అనే చెబుతాను.

ఫొటో, బోర్డు, మ్యాప్, చీర, చేతిగీతలు: ఇలా కదలకుండా ఉండి మనం పరికించేవన్నీ లుక్ కిందికి వస్తాయి. పొందూరు ఖద్దరు కొట్లో పంచె తీసి ఇచ్చి నేత చూడమనాలంటే "లుక్ ఎట్ ది వీవ్". అక్కడ "సీ ది వీవ్" అన్నా అర్థమవుతుంది, కానీ నేత మీద దృష్టి పెట్టమన్న భావం పలచబడుతుంది.

ఆఫీసుల్లో పనికొచ్చే జంట ఒకటుంది. "డిడ్ యూ సీ ది ఫైల్?" అంటే ఫైలు కంట పడిందా అని. "డిడ్ యూ లుక్ ఎట్ ది ఫైల్?" అంటే తెరిచి చదివారా అని. పై అధికారి రెండోది అడిగితే "ఎస్" అనేముందు ఆలోచించుకోవాలి.

లుక్‌కి ఇంకో ముఖం ఉంది. "యూ లుక్ టైర్డ్", అలసిపోయినట్టున్నావు. ఇక్కడ చూసేవాడు లేడు, కనబడే తీరే ఉంది. దీని పక్కన "ఎట్" రాదు. వెనక వచ్చే మాట గుణాన్ని చెప్పేది కావాలి: "షీ లుక్స్ హ్యాపీ" అనాలి, "హ్యాపిలీ" కాదు.

ఇక లుక్ వెనక చిన్న మాట చేరినప్పుడల్లా కొత్త క్రియ పుడుతుంది. లుక్ ఫర్ అంటే వెతకడం. లుక్ ఆఫ్టర్ అంటే బాగోగులు చూసుకోవడం. లుక్ అప్ అంటే నిఘంటువులోనో ఫోన్‌లోనో వెతికి తెలుసుకోవడం. లుక్ అప్ టు అంటే గౌరవించడం, లుక్ డౌన్ ఆన్ అంటే చిన్నచూపు చూడటం. లుక్ ఫార్వర్డ్ టు అంటే ఇష్టంగా ఎదురు చూడటం. ఈ చివరిదాని వెనక "-ఇంగ్" వస్తుంది: "ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ." ఉద్యోగ దరఖాస్తుల్లో "టు మీట్ యూ" అని రాసేస్తుంటారు. అది దిద్దుకోవాలి.

## వాచ్

విజయదశమి తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుంటారు. ఆ మాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. జనం మేడల మీదా, అరుగుల మీదా గంటల తరబడి నిలబడతారు. దీనికి ఇంగ్లిష్‌లో వాచ్ తప్ప ఇంకోటి నప్పదు. "థౌజండ్స్ ఆఫ్ పీపుల్ వాచ్డ్ ది ప్రొసెషన్." కదిలేది, కొంతసేపు సాగేది, మనం కావాలని చూసేది. మూడు షరతులూ కలిశాయి.

పక్షుల విషయంలోనూ ఇంతే. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. అక్కడికి వెళ్లి గూటిలో పిల్లలకు తల్లి మేత పెట్టడం చూస్తూ కూర్చోవడం బర్డ్ వాచింగ్. "బర్డ్ సీయింగ్" అనే మాట లేదు. బస్సులో పోతూ కిటికీలోంచి ఒక గూడబాతు కనబడితే మాత్రం అది సీయే.

టీవీ ఎప్పుడూ వాచ్. "సీ టీవీ" అనకూడదు. కానీ "ఐ సా ఇట్ ఆన్ టీవీ" సరైనదే, ఎందుకంటే అక్కడ వార్త కంట పడింది. క్రికెట్ మ్యాచ్ వాచ్, ఆ మ్యాచ్‌లో ఒక క్యాచ్ గురించి అడిగితే "డిడ్ యూ సీ దట్ క్యాచ్?" మొత్తం సాగేదానికి వాచ్, అందులో ఒక్క క్షణానికి సీ.

సినిమా దగ్గర రెండూ చెల్లుతాయి. హాల్లో చూసిన సినిమాకు సీ ఎక్కువగా వినబడుతుంది, ఇంట్లో ఫోన్‌లోనో టీవీలోనో చూసినదానికి వాచ్. ఇందులో తప్పొప్పుల పంచాయితీ అక్కర్లేదు. లుక్ మాత్రం వాడొద్దు. "లుక్ ఎట్ ఎ మూవీ" అంటే సినిమా చూసినట్టు కాదు.

కనిపెట్టుకుని ఉండటం వాచ్‌లో బలంగా ఉంది. స్టేషన్‌లో పక్కవాళ్లకు సామాను అప్పగిస్తూ "ప్లీజ్ వాచ్ మై బ్యాగ్" అంటాం. "వాచ్ అవుట్!" అంటే జాగ్రత్త అని కేక. "వాచ్ యువర్ స్టెప్" అంటే చూసి అడుగు వెయ్యమని.

## మన "చూడు" ఇంగ్లిష్‌లో చూడటమే కానప్పుడు

నిజానికి మన పిల్లల ఇంగ్లిష్ బెసికేది ఇక్కడే. సీ, లుక్, వాచ్‌లలో ఏది ఎంచుకోవాలా అని కొట్టుకుంటారు, తీరా మూడూ పనికిరాని చోటు అది. కింద రాసినవి ఇంటర్వ్యూల్లోనూ రోజువారీ మాటల్లోనూ నేను మళ్లీ మళ్లీ వింటున్నవి.

| తెలుగులో అనేది | మాటకు మాట పెడితే | అనవలసింది |
|---|---|---|
| ఉద్యోగం చూస్తున్నాను | ఐ యామ్ సీయింగ్ జాబ్ | ఐ యామ్ లుకింగ్ ఫర్ ఎ జాబ్ |
| డాక్టరుకి చూపించుకున్నాను | ఐ షోడ్ టు డాక్టర్ | ఐ సా ఎ డాక్టర్ |
| ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను | ఐ సీ అకౌంట్స్ | ఐ హ్యాండిల్ ది అకౌంట్స్ |
| నాన్న పొలం చూసుకుంటారు | మై ఫాదర్ ఈజ్ సీయింగ్ ఫీల్డ్ | మై ఫాదర్ లుక్స్ ఆఫ్టర్ ది ఫామ్ |
| తిని చూడు | ఈట్ అండ్ సీ | ట్రై ఇట్ |
| రుచి చూడు | సీ ది టేస్ట్ | టేస్ట్ ఇట్ |
| టైం చూడు | సీ ది టైం | చెక్ ది టైం |
| నీకోసం ఎదురు చూశాను | ఐ సా ఫర్ యూ | ఐ వెయిటెడ్ ఫర్ యూ |
| చూసీ చూడనట్టు వదిలేశారు | దే సా అండ్ నాట్ సా | దే టర్న్‌డ్ ఎ బ్లైండ్ ఐ |

ఈ పట్టికలో "తిని చూడు" వరుసను ప్రత్యేకంగా గమనించండి. తెలుగులో ఏ క్రియ వెనకైనా "చూడు" చేరిస్తే ప్రయత్నించమని అర్థం: చేసి చూడు, వెళ్లి చూడు, అడిగి చూడు. వీటన్నిటికీ ఇంగ్లిష్‌లో ట్రై. "ఆస్క్ అండ్ సీ" అంటే పూర్తిగా తప్పని చెప్పను, కానీ "ట్రై ఆస్కింగ్ హిమ్" అన్నప్పుడు వచ్చే సహజత్వం దానికి రాదు. అలాగే "చూడు" వెనక "కొను" చేరి "చూసుకో" అయినప్పుడు అది బాధ్యత. దానికి లుక్ ఆఫ్టర్, టేక్ కేర్ ఆఫ్. అద్దంలో చూసుకోవడం లాంటివి దీనికి మినహాయింపు: "షీ లుక్డ్ ఇన్ ది మిర్రర్."

## చూపుల్లో రకాలు

ఇప్పుడు భావం సంగతి. మనం చూపు రకాన్ని చెప్పాలంటే "చూడు" ముందు ఒక మాట పెడతాం: తేరిపార చూడటం, తొంగి చూడటం, ఓరకంట చూడటం, ఎగాదిగా చూడటం, గుడ్లురిమి చూడటం. ఇంగ్లిష్ చాలాచోట్ల ఈ పనిని క్రియలోనే పెట్టేసింది. అందువల్ల వాళ్లకు క్రియలు ఎక్కువ, మనకు క్రియకు ముందు మాటలు ఎక్కువ. భావం మటుకు రెండు భాషల్లోనూ ఉంది. కొత్త క్రియ కనబడగానే దాని అర్థం కోసం కాదు, "మనం ఎలా చూడటం అంటాం" అని వెతకండి.

ఎక్కువసేపు చూసేవాటిలో మూడు ముఖ్యం. స్టేర్ అంటే కళ్లార్పకుండా, ఒకేచోట పాతినట్టు చూడటం. ఆశ్చర్యం కావచ్చు, పరధ్యానం కావచ్చు. మనిషిని అలా చూస్తే మర్యాద కాదు. గేజ్ కూడా కళ్లార్పకుండా చూడటమే, కానీ అందులో ముచ్చట, ఆరాధన, ఆలోచన ఉంటాయి. కళింగపట్నం ఒడ్డున కూర్చుని సముద్రాన్ని చూస్తూ ఉండిపోవడం గేజ్. బస్సులో ఎదుటి సీటు ఆడపిల్లను అలా చూడటం స్టేర్. చూసేవాడు తన చూపును గేజ్ అనుకోవచ్చు, అవతలి మనిషికి మాత్రం అది స్టేరే, కథ రాసేటప్పుడు ఎవరి వైపు నుంచి చెబుతున్నారో దాన్ని బట్టి ఎంచుకోవాలి. గ్లేర్ అంటే కోపంతో కళ్లెర్రజేయడం, గుడ్లురమడం. మూడింటికీ "ఎట్" కావాలి.

కొద్దిసేపు చూసేవాటిలో గ్లాన్స్‌కీ గ్లింప్స్‌కీ మధ్య చాలామంది పొరబడతారు. రెండూ క్షణంలో అయిపోతాయి. కానీ మొదటి ప్రశ్న మళ్లీ వేసుకోండి: కళ్లు నేను తిప్పానా, అది కంట పడిందా? గ్లాన్స్ మనం వేసే చూపు. "హీ గ్లాన్స్‌డ్ ఎట్ హిజ్ ఫోన్", ఫోన్ వైపు ఒక్కసారి చూశాడు. గ్లింప్స్ మనకు దొరికే చూపు. సిరిమాను నాడు విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో వెనక నిలబడ్డ పొట్టి మనిషికి భుజాల మధ్య నుంచి, తలల మీదుగా పూజారి ఒక్క క్షణం కనబడి మాయమవుతారు. దానికి "ఐ కాట్ ఎ గ్లింప్స్ ఆఫ్ ది ప్రీస్ట్." ఇక్కడ కాట్ అన్న మాటే చెబుతోంది, అది జారిపోయేదని, దొరికించుకున్నదని. గ్లాన్స్‌కి "ఎట్" కావాలి. గ్లింప్స్‌ని క్రియగా వాడినప్పుడు "ఎట్" అక్కర్లేదు, కానీ మాటల్లో "కాట్ ఎ గ్లింప్స్ ఆఫ్" అనడమే ఎక్కువ.

అంటే గ్లాన్స్ లుక్ కుటుంబం, గ్లింప్స్ సీ కుటుంబం. ఏ కొత్త క్రియనైనా ఇలా ఆ మూడు ఇళ్లలో ఒకదాంట్లో చేర్చుకుంటే "ఎట్" సమస్య కూడా దాదాపు తీరిపోతుంది. లుక్ కుటుంబానికి "ఎట్" కావాలి, సీ కుటుంబానికీ వాచ్ కుటుంబానికీ అక్కర్లేదు.

తొంగి చూడటానికి పీప్, పీక్. దొంగచాటుగా సందులోంచి చూడటం రెండింటిలోనూ ఉంది. పీక్‌లో తొందర, సరదా ఎక్కువ; పండక్కి తెచ్చిన కొత్తబట్టల సంచిలోకి పిల్లలు తొంగి చూడటం లాంటిది. కొండ శిఖరానికి కూడా ఇంగ్లిష్‌లో ఇదే ఉచ్చారణ ఉంది, రాసేటప్పుడు అక్షరాలు వేరు. జాగ్రత్తపడాలి. వీటి పక్కనే ఉండే పీర్‌లో దొంగతనం లేదు, కష్టం ఉంది. చూపు ఆనని ముసలమ్మ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు బోర్డు దగ్గరికి వెళ్లి కళ్లు చికిలించి చదువుతుంది కదా, అది పీర్. నోరు వెళ్లబెట్టి చూడటం గేప్.

ఇంతకు మించి పది క్రియలు ఉన్నాయి కానీ మాట్లాడేవాళ్లకు వాటి అవసరం తక్కువ. అనుమానం వస్తే లుక్ వాడి పక్కన ఒక మాట చేర్చండి: "లుక్డ్ యాంగ్రిలీ", "టుక్ ఎ క్విక్ లుక్". తప్పు గ్లేర్ కంటే సరైన లుక్ మేలు.

## కన్నుతో పాటు మనసూ పనిచేస్తే

నోటీస్ అంటే గమనింపుకు రావడం. రోజూ వెళ్లే దారిలోనే ఉన్న బోర్డును ఇవాళ గమనించాను అంటే నోటీస్. కనబడటం ఎప్పటినుంచో ఉంది, మనసుకు పట్టింది ఇవాళే. స్పాట్ అంటే చాలావాటి మధ్య నుంచి పోల్చుకోవడం. వంద కొంగల్లో ఒక్క గూడబాతును పట్టుకుంటే స్పాట్. ఈ రెండూ సీ కుటుంబమే, "ఎట్" ఉండదు.

అబ్జర్వ్ వాచ్‌కి పెద్దన్న. శ్రద్ధగా, పద్ధతిగా, రాసుకుంటూ చూడటం. సైన్స్ రికార్డులో, ఆస్పత్రి కాగితంలో ఇది ఉంటుంది. ఇంటి మాటల్లో వాడితే బరువైపోతుంది. విట్‌నెస్ అంటే ఒక ఘటన జరుగుతుండగా అక్కడ ఉండి చూడటం. యాక్సిడెంట్, దొంగతనం, వేలిముద్ర వేయడం వంటివాటికి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస, సోంపేట వైపు కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. దాన్ని కళ్లారా చూసినవాళ్లు "వీ విట్‌నెస్డ్ ది సైక్లోన్" అనవచ్చు, ఆ మాట అక్కడ నిలుస్తుంది. పక్కింటివాళ్ల పేచీకి అంత మాట అక్కర్లేదు.

ఓవర్‌లుక్, ఓవర్‌సీ రెండూ ఒకేలా కనబడి ముంచేస్తాయి. ఓవర్‌సీ అంటే పర్యవేక్షించడం. ఓవర్‌లుక్ అంటే గమనించక వదిలేయడం. "ఐ ఓవర్‌లుక్డ్ ది వర్క్" అని రెజ్యూమెలో రాస్తే పని పట్టించుకోలేదని మీరే ఒప్పుకున్నట్టు. గది కిటికీ సముద్రం వైపు ఉందని చెప్పడానికి కూడా ఓవర్‌లుక్ వాడతారు, అది వేరే సంగతి.

## ఎవరికి ఏది ముందు

ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు రకరకాల చూపుల జోలికి పోవద్దు. పైన ఇచ్చిన పట్టిక, లుక్ వెనక చేరే చిన్న మాటలు, "కెన్ సీ". ఈ మూడూ చాలు. హ్యాండిల్, మేనేజ్, లుక్ ఆఫ్టర్ అన్న మూడు మాటలు నోటికి పట్టించుకుంటే "నేనేం పని చూస్తానంటే" అన్న జవాబు తడబడకుండా వస్తుంది.

బడిపంతుళ్లు, డీఎస్సీకి చదివేవాళ్లు తరగతిలో ఆజ్ఞల నుంచి మొదలుపెడితే మంచిది. "లుక్ ఎట్ ది బోర్డ్", "కెన్ యూ సీ ఇట్ ఫ్రమ్ ది బ్యాక్?", "నౌ వాచ్ మీ." బోర్డు మీద బొమ్మ గీస్తూ ఈ మూడూ వరుసగా అంటే వివరణే అక్కర్లేదు. పిల్లలకు ముందు కనబడటం, చూడటం మధ్య తేడాను వాళ్ల మాటల్లోనే, "అగుపడ్డాదా?" అని అడిగి పట్టించండి. గిడుగు రామమూర్తి గారు ఈ నేల మీదే, 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టారు. జనం నోట ఆడే భాషే చదువుల్లోకి రావాలని జీవితమంతా వాదించారు. ఇంగ్లిష్ చెప్పేటప్పుడు కూడా ఆ దారే దగ్గరిదారి అని నా గట్టి నమ్మకం. గ్రాంథికంలో "వీక్షించుట" అని అర్థం చెబితే పిల్లవాడికి రెండు పరాయి మాటలు నేర్పినట్టవుతుంది.

ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకి చదివేవాళ్లు, కథలు వ్యాసాలు రాసేవాళ్లు గ్లాన్స్, గ్లింప్స్, స్టేర్, గేజ్, నోటీస్ ముందు నేర్చుకోవాలి. పేజీకి ఒకటి చాలు. ప్రతి వాక్యంలోనూ కొత్త క్రియ పెడితే చదివేవారి దృష్టి కథ మీద కాక మాటల మీదికి పోతుంది.

నర్సులుగా, ఆయాలుగా బయటి దేశాలకు వెళ్లేవాళ్లకు పొరపాటు ఖరీదు ఎక్కువ. "లుక్ ఆఫ్టర్ ది పేషెంట్" అంటే అన్నం, స్నానం, మందులు అన్నీ చూసుకోవడం. "కీప్ ఎన్ ఐ ఆన్ ది పేషెంట్" అంటే మీ పని చేసుకుంటూనే మధ్యమధ్య గమనిస్తూ ఉండటం. "మానిటర్" అంటే బీపీ, జ్వరం వంటివి వేళకు కొలిచి రాయడం. తెలుగులో మూడింటికీ "పేషెంటుని చూస్తూ ఉండండి" అనే అంటాం. అక్కడ ఏది చెప్పారో విని అదే చేయాలి. అర్థం కాకపోతే మళ్లీ అడగడానికి మొహమాటపడొద్దు.

మర్చంట్ నేవీ కుర్రాళ్లకు ఈ మాటలు వేరే రూపంలో ఎదురవుతాయి. ఉద్దానం, ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి ఓడల మీదికి వెళ్లేవాళ్లు చాలామందే. ఓడలో వాచ్ అంటే చూడటం కాదు, డ్యూటీ వంతు. సాధారణంగా నాలుగు గంటలది. "ఐ యామ్ ఆన్ వాచ్" అంటే నా వంతు నడుస్తోందని. ఆ వంతులో సముద్రం మీద చుట్టూ కనిపెట్టుకుని ఉండే పనికి లుకౌట్ అని పేరు, ఆ పనిలో ఉన్న మనిషినీ లుకౌట్ అనే అంటారు. ఓడలు ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నియమాల్లో ఐదోది దీని గురించే. ప్రతి ఓడా అన్ని వేళలా సరైన లుకౌట్ ఉంచాలి, అదీ కళ్లతోనూ చెవులతోనూ. మంచులో ఎదుటి ఓడ కూత వినడం కూడా లుకౌటే. ఓరల్ పరీక్షలో ఈ నియమం చెప్పమన్నప్పుడు "సైట్ అండ్ హియరింగ్" రెండూ చెప్పాలి. లుకౌట్‌లో లుక్ ఉంది కదా అని చూపు ఒక్కటే చెప్పి ఆగిపోవద్దు.